క్లాసులో ఉన్నారు, పాఠంలో లేరు: ఒక ఆన్‌లైన్ బ్యాచ్ కేస్ స్టడీ

నేపథ్యం

ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రం పూట స్ప్రెడ్‌షీట్లు, ప్రాథమిక డేటా విశ్లేషణ నేర్చుకునే పెద్దవాళ్ల బ్యాచ్ ఇది. ఎనిమిది వారాల కోర్సు, వారానికి రెండు లైవ్ క్లాసులు, ఒక్కోటి 90 నిమిషాలు. జాబితాలో అరవై మంది దాకా ఉన్నారు. సగానికి కాస్త ఎక్కువమంది ల్యాప్‌టాప్ నుంచి, మిగతావాళ్లు ఫోన్ నుంచి చేరేవారు. ఫోన్‌లో చేరేవాళ్లలో కొందరికి పక్కనే కంప్యూటర్ ఉండేది, కొందరికి అదీ లేదు. సంస్థ పేరు, ట్రైనర్ వివరాలు, బ్యాచ్ ఎప్పుడు నడిచిందన్నది ఇక్కడ రాయడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న చిన్న వివరాలు కొన్ని మార్చాం.

ట్రైనర్‌కు విషయం మీద గట్టి పట్టుంది. గదిలో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పినప్పుడు ఆమెకు మంచి పేరు. స్లయిడ్లు తక్కువ, చేసి చూపించడం ఎక్కువ. అదే పద్ధతిని ఆన్‌లైన్‌లోకి తెచ్చారు: స్క్రీన్ షేర్ చేస్తారు, ఖాళీ షీట్‌తో మొదలుపెడతారు, గంటన్నరలో ఒక పూర్తి రిపోర్టు కట్టి చూపిస్తారు. చూసేవాళ్లు తమ కంప్యూటర్‌లో వెంట వెంట చేయాలి.

సంస్థ మమ్మల్ని అడిగిన సాయం ఒక్క వాక్యంలో ఉంది: "క్లాసులో జనం చురుగ్గా ఉండేలా ఏవైనా టూల్స్ చెప్పండి." టూల్స్ గురించి మాట్లాడే ముందు ఏం జరుగుతోందో చూద్దామన్నాం.

ఏం కనిపించింది

హాజరు నివేదిక చూస్తే ఇబ్బందే లేదు. చేరినవాళ్లలో ఎక్కువమంది చివరిదాకా ఉన్నట్టే చూపిస్తుంది. కానీ ట్రైనర్ "సరేనండీ, మళ్లీ కలుద్దాం" అన్నాక మీటింగ్ వెంటనే మూయకుండా రెండు నిమిషాలు వదిలేస్తే, పదిమందికి పైగా పేర్లు అలాగే నిలబడి ఉంటాయి. వీడ్కోలు చెప్పిన సంగతి కూడా వాళ్లకు తెలియదు. హాజరు లెక్క కన్నా ఈ మిగిలిపోయిన పేర్ల లెక్క ఎంతో నిజాయితీగా ఉంటుంది. ఏ బ్యాచ్‌లోనైనా పైసా ఖర్చు లేకుండా తీసుకోవచ్చు.

మిగతా లక్షణాలు ఆన్‌లైన్ క్లాసులు నడిపేవాళ్లందరికీ తెలిసినవే. మొదటి పావుగంట చాట్‌లో సందడి, ఆ తర్వాత నిశ్శబ్దం. "అర్థమవుతోందా అండీ?" అంటే ప్రతిసారీ ఆ ఇద్దరు ముగ్గురే "అవుతోంది మేడమ్" అంటారు. హోమ్‌వర్క్ ఇచ్చేవాళ్లు వారం వారం తగ్గుతున్నారు. మూడో వారానికే బ్యాచ్‌లో సగం మంది ఏమీ పంపడం లేదు.

జూమ్‌లో ఒకప్పుడు అటెన్షన్ ట్రాకింగ్ అనే సదుపాయం ఉండేది. స్క్రీన్ షేర్ నడుస్తుండగా ఎవరి జూమ్ విండో అయినా 30 సెకన్లకు మించి వెనక్కి వెళ్తే హోస్ట్‌కు గుర్తు కనిపించేది. గోప్యత మీద విమర్శలు వచ్చాక 2020 ఏప్రిల్‌లో దాన్ని తీసేశారు. అలాంటిది మళ్లీ ఎక్కడైనా దొరుకుతుందా అని సంస్థ ఆరా తీసింది. ఈ క్లాసుకు అది పనికిరాకపోవడమే కాదు, తప్పుదారి పట్టిస్తుంది. షీట్ తెరిచి శ్రద్ధగా ఫార్ములా కొడుతున్నవాడి మీటింగ్ విండో వెనకే ఉంటుంది. మీటింగ్ విండో ముందు పెట్టి ఊరికే చూస్తున్నవాడు పూర్తి శ్రద్ధ ఉన్నట్టు లెక్కకొస్తాడు.

కారణం వెతకడం

రెండు పనులు చేశాం. మొదటిది, పాత క్లాసుల రికార్డింగ్‌లు చూస్తూ ఒక పట్టిక రాయడం. నాలుగే కాలమ్‌లు: ట్రైనర్ ప్రశ్న అడిగిన సమయం, ప్రశ్న ఏమిటి, మళ్లీ తనే మాట్లాడేదాకా ఎన్ని సెకన్లు ఆగారు, ఎవరు జవాబిచ్చారు. అడిగినవాటిలో దాదాపు అన్నీ "స్క్రీన్ కనిపిస్తోందా?", "ఓకేనా?", "డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" లాంటివే. ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్న గంటన్నరలో ఒకటో రెండో. వాటికీ రెండు మూడు సెకన్ల కన్నా ఎక్కువ ఆగలేదు.

ఈ ఆగడం గురించి కొంచెం చెప్పాలి. తరగతి గదుల్లో టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబుల పొడవూ నాణ్యతా రెండూ పెరుగుతాయనీ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే చూపించారు. ఆన్‌లైన్‌లో మూడు సెకన్లు కూడా చాలవు. ముఖాముఖి మాటల్లో ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి పట్టే విరామం సుమారు 200 మిల్లీసెకన్లని పది భాషల సంభాషణలను పోల్చిన 2009 నాటి అధ్యయనం చెబుతోంది. వీడియో కాల్‌లో శబ్దం రావడానికే ఒక్కోసారి అంత ఆలస్యం అవుతుంది. దాంతో ఎవరి వంతో తెలియదు. ఇద్దరు ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ "మీరు చెప్పండి" అని ఆగిపోతారు. ఇంకోసారి నోరు తెరవరు. దీనికి అన్‌మ్యూట్ బటన్ వెతకడం, ఇంట్లో శబ్దాలు వినపడతాయేమోనన్న జంకు కలపండి. ఆలోచించి మైక్‌లో జవాబు చెప్పడానికి ఎనిమిది పది సెకన్లు మామూలుగా పడతాయి. ట్రైనర్ అప్పటికి తర్వాతి మెట్టులో ఉంటారు.

రెండో పని, కొందరు అభ్యాసకులతో పది నిమిషాల చొప్పున ఫోన్‌లో మాట్లాడటం. చురుగ్గా ఉండేవాళ్లను వదిలి, హోమ్‌వర్క్ ఆపేసినవాళ్లను ఎంచుకున్నాం. క్లాసు ఎలా ఉందని అడిగితే అందరూ బాగుందనే అంటారు, కాబట్టి అది అడగలేదు. అడిగింది ఇది: "పోయిన క్లాసులో మీరు వేరే పనిలోకి ఎప్పుడు వెళ్లారు? అప్పుడు స్క్రీన్ మీద ఏముంది?" మనిషి మారినా జవాబు మారలేదు. ఫలానా ఫార్ములా కొట్టేటప్పుడు తప్పు వచ్చింది, సరిచేసుకునేలోపు మేడమ్ ముందుకు వెళ్లిపోయారు, ఇక అందుకోలేకపోయాం, రికార్డింగ్ చూద్దాంలే అనుకుని వేరే పని చూసుకున్నాం. రికార్డింగ్ చూశారా అంటే ఎక్కువమంది నవ్వేశారు.

అంటే పాఠం విసుగనిపించి ఎవరూ వెళ్లలేదు. దారి తప్పి వెళ్లారు. స్ప్రెడ్‌షీట్ డెమోలో ప్రతి మెట్టూ వెనకటి మెట్టు మీద నిలబడుతుంది. నాలుగో నిమిషంలో ఒక్క సెల్ తప్పైతే నలభయ్యో నిమిషం దాకా ఏదీ సరిగ్గా రాదు. గదిలో అయితే ట్రైనర్ వెనక వరుసలో తిరుగుతూ ఆ స్క్రీన్ చూసి, వేలుపెట్టి చూపించి వెళ్లేవారు. ఆన్‌లైన్‌లో ఆ నడక పోయింది. పోయిందని ఎవరూ గమనించలేదు. దారి తప్పానని నలుగురి ముందూ ఒప్పుకోకుండా చెప్పే మార్గం లేదు, తప్పినవాళ్లు మధ్యలో మళ్లీ వచ్చి కలిసే చోటూ లేదు. మేం పరిష్కరించాల్సిన సమస్య ఇదీ అని తేల్చుకున్నాం.

అప్పటికే ప్రయత్నించినవి, ఎందుకు కుదరలేదు

సంస్థ అంతకుముందు చేసినవన్నీ విసుగుకు మందులు. రోగం వేరు కాబట్టి పనిచేయలేదు. అయినా ఒక్కోటి ఎలా విఫలమైందో చూడటం ఉపయోగమే.

కెమెరా తప్పనిసరి అన్న నియమం పెట్టారు. మొదటి క్లాసులోనే చేరేవాళ్లు తగ్గారు. ఉన్నవాళ్లలో కొందరి కెమెరా పైకప్పును చూసింది. మొబైల్ డేటా మీద ఉన్నవాళ్లకు వీడియో ఆన్ చేయగానే ట్రైనర్ గొంతు తెగిపోయింది. ఒక్క ఆడియోకు సెకనుకు వంద కిలోబిట్ల లోపే సరిపోతుంది. వీడియో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో కాస్టెల్లి, సార్వరీ 2021లో ప్రచురించిన సర్వేలో, కెమెరా వేయకపోవడానికి విద్యార్థులు ఎక్కువగా చెప్పిన కారణం తాము ఎలా కనిపిస్తామోనన్న బెంగ. వెనక కనిపించే ఇల్లు, మనుషులు, బలహీనమైన నెట్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ వీడియో కాల్ అలసటకు చెప్పిన నాలుగు కారణాల్లో మన ముఖం మనకే అదే పనిగా కనిపించడం ఒకటి. ఇవన్నీ పక్కన పెట్టినా, ఈ క్లాసులో ముఖం చూస్తే ట్రైనర్‌కు తెలిసేదేమీ లేదు. తల ఊపుతున్న మనిషి షీట్‌లో ఎర్రర్ ఉందో లేదో ముఖంలో కనిపించదు.

తర్వాత లీడర్‌బోర్డు ఉన్న క్విజ్ ఆట. మొదటి రెండుసార్లు హుషారుగానే సాగింది. ఆ ఆటలో వేగానికి పాయింట్లున్నాయి. నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకు సరైన జవాబు తెలిసినా కిందే ఉంటారు. నాలుగో ప్రశ్నకల్లా పైన ఎవరుంటారో తేలిపోతుంది, మిగతావాళ్లు ఆట మానేస్తారు. ప్రశ్నలు కూడా షార్ట్‌కట్ కీలు, మెనూ పేర్ల మీద ఉండేవి. క్విజ్‌లో ఏం తేలినా తర్వాతి పాఠం ఒక్క అక్షరం మారలేదు. తాము ఇచ్చే జవాబు దేనికీ పనికిరావడం లేదని జనం చాలా త్వరగా కనిపెడతారు.

పేరు పెట్టి పిలవడం కూడా చేశారు. పిలిచిన మనిషి అన్‌మ్యూట్ కావడానికి అర నిమిషం, "సారీ మేడమ్, వాయిస్ కట్ అయింది" అన్న మాటకు ఇంకో పది సెకన్లు. చూస్తున్న మిగతావాళ్లందరికీ భయం. రెండు వారాల్లో వదిలేశారు.

బ్రేకౌట్ రూమ్‌లు, అంటే మీటింగ్ లోపలే విడిగా తెరిచే చిన్న గదులు: ఐదారుగురిని ఒక గదిలో వేసి "ఐదు నిమిషాలు చర్చించుకోండి" అన్నారు. గదిలోకి వెళ్లడానికీ పలకరింపులకూ నిమిషంన్నర పోతుంది. గదిలోకి వెళ్లగానే ట్రైనర్ స్క్రీన్ కనిపించడం మానేస్తుంది కాబట్టి స్లయిడ్ మీద రాసిన సూచనలు మాయమవుతాయి. "ఏం చేయమన్నారండీ?" అన్న ప్రశ్నతోనే మిగతా సమయం గడిచిపోతుంది. ఆరుగురిలో ఒకరు మాట్లాడతారు, ఐదుగురు మ్యూట్‌లో ఉంటారు.

మేం మొదట సూచించిన మార్పుల్లో ఒకటి కూడా తీసేయాల్సి వచ్చింది: నిర్ణీత వ్యవధుల్లో పోల్, అంటే తెర మీద ఎంపికలతో వచ్చే ప్రశ్న. పది పదిహేను నిమిషాలకు ఒకసారి ఏదో ఒకటి చేయించకపోతే శ్రద్ధ జారిపోతుందన్న మాట బాగా ప్రచారంలో ఉంది. విల్సన్, కోర్న్ 2007లో చేసిన సమీక్ష ఆ అంకెకు గట్టి ఆధారం లేదని తేల్చింది. ఆచరణలో తేలింది ఇంకా మొరటుది. ప్లాట్‌ఫామ్‌లోని పోల్ తెరవడం, జవాబులు రావడం, మూయడం, ఫలితం చూపించడం, అన్నీ కలిపి నిమిషం నుంచి నిమిషంన్నర. గడియారం చూసి వేస్తే అది సరిగ్గా ఫార్ములా మధ్యలో వచ్చి పడుతుంది, ఫోన్ చిన్న తెర మీద ఆ పెట్టె షీట్‌ను పూర్తిగా కప్పేస్తుంది. దారి తప్పేవాళ్ల సంఖ్య పెరిగింది. గడియారాన్ని వదిలి పాఠంలో సహజంగా వచ్చే మలుపుల దగ్గరే ఆపాలని నిర్ణయించాం.

పనిచేసినవి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది చూడ్డానికి చాలా చప్పగా ఉండే మార్పు: దశల ఫైళ్లు. గంటన్నర డెమోను నాలుగు ముక్కలు చేశాం. ప్రతి ముక్క మొదట్లో షీట్ ఎలా ఉండాలో అలా ముందే తయారుచేసిన ఫైలు ఒకటి. ఒకే ఫోల్డర్‌లో "దశ 1", "దశ 2", "దశ 3", "దశ 4". మూడో ముక్కలో తప్పిపోయినవాళ్లు పాత తప్పు వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు. నాలుగో ముక్క మొదలవగానే "దశ 4" తెరిచి అందరితో పాటు సాగవచ్చు. ఫోల్డర్ లింకును చాట్‌లో ఒకసారి పడేస్తే సరిపోదు. ప్రతి దశ మొదట్లోనూ మళ్లీ పెట్టాలి, ఎందుకంటే ఆలస్యంగా చేరినవాళ్లకూ నెట్ తెగి తిరిగి వచ్చినవాళ్లకూ ముందటి చాట్ కనిపించకపోవచ్చు. ఫైళ్లలో డేటా అందరికీ ఒకటే ఉండాలి. తమ సొంత డేటాతో చేయమంటే జవాబులు సరిపోల్చుకునే వీలుండదు.

ఒక్కో ముక్క లోపల చూడటాన్నీ చేయడాన్నీ విడదీశాం. ఇదివరకు రెండూ ఒకేసారి జరిగేవి: ట్రైనర్ కొడుతుంటే చూడాలి, వినాలి, రెండో విండోలో కొట్టాలి. పని చేస్తూ మనసు ఒకేసారి పట్టుకోగలిగింది కొంతే, విండోలు మార్చుకోవడంలోనే అందులో చాలా భాగం ఖర్చవుతుంది. ఇప్పుడు ట్రైనర్ మూడు నాలుగు నిమిషాలు చేసి చూపిస్తారు, ఆ సేపు అందరూ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేయాలి. తర్వాత ఐదు నిమిషాలు అభ్యాసకుల వంతు. ఆ ఐదు నిమిషాలూ ట్రైనర్ స్క్రీన్ మీద పూర్తయిన ఫార్ములా పెద్దగా, కదలకుండా ఉంటుంది. షీట్ జూమ్ 150 నుంచి 200 శాతం, కనిపించే కాలమ్‌లు ఏడెనిమిదికి మించకూడదు. ఫోన్‌లో చూసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని తీసుకున్న కొలతలివి. ట్రైనర్లు ముందే తమ ఫోన్‌తో రెండో లాగిన్ చేసి చూసుకుంటే ఈ విషయం వాదించాల్సిన పనే ఉండదు.

ట్రైనర్‌కు కష్టమైంది ఆ ఐదు నిమిషాల మౌనం. మొదట్లో రెండో నిమిషానికే ఆమె మాట్లాడటం మొదలుపెట్టేవారు. పని చేస్తున్నవాళ్ల చెవిలో మాట్లాడితే పని ఆగుతుంది. స్క్రీన్ మీద టైమర్ పెట్టాక తేలికైంది: మౌనానికి ఒక కొస కనిపిస్తుంది, నెట్ పోయిందేమోనన్న అనుమానం కూడా రాదు.

"అర్థమైందా?" అన్న ప్రశ్నను పూర్తిగా మాన్పించాం. దాని బదులు, "ఇప్పుడు ఏ మెట్టులో ఉన్నారో అంకె పంపండి." ముక్కలోని మెట్లకు 1 నుంచి 5 దాకా అంకెలుంటాయి, పూర్తయితే 5. అర్థమైందా అన్నదానికి లేదు అని చెప్పడం సిగ్గు. 3 అని టైప్ చేయడం సిగ్గుచేటు కాదు, అది ఉన్న చోటు చెప్పడమే. చాట్‌ను ఆ సమయానికి హోస్ట్‌కు (ట్రైనర్), కో-హోస్ట్‌కు (మీటింగ్ నడపడంలో ఆమెకు సాయపడే మనిషి) మాత్రమే కనిపించేలా మార్చాం. ఎక్కువమంది 2 దగ్గరే ఉంటే ఆ మెట్టు ట్రైనర్ ఇంకోసారి చేస్తారు. ఒకరిద్దరే ఉంటే కో-హోస్ట్ వాళ్లతో ప్రైవేట్ చాట్‌లో మాట్లాడతారు. తరగతి గదిలో వెనక వరుసలో నడిచే నడకకు ఇంతకన్నా దగ్గరగా వచ్చేది ఆన్‌లైన్‌లో మాకు దొరకలేదు.

కో-హోస్ట్ అన్నారు కదా అని ఊరికే ఒకరిని కూర్చోబెడితే ప్రయోజనం లేదు. స్క్రీన్ షేర్ చేస్తున్న ట్రైనర్‌కు చాట్ సరిగ్గా కనిపించదు కాబట్టి పనులు ముందే పంచుకోవాలి. కో-హోస్ట్ అంకెలు లెక్కపెట్టి "ముప్పైమంది 5, ఎనిమిదిమంది 3" అని ఒక్క వాక్యంలో చెబుతారు. లింకులు పెడతారు, టైమర్ నడుపుతారు. చాట్‌లో వచ్చే ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబిస్తారు, రెండు మూడు కలిసి ఒకే సందేహమైతే ముక్క చివర ట్రైనర్ ముందు పెడతారు. మధ్యలో మాట అడ్డు వేయరు. ఈ పనికి మునుపటి బ్యాచ్‌లో కోర్సు పూర్తి చేసినవాళ్లు బాగా సరిపోయారు. ఎక్కడ తప్పు జరుగుతుందో నిపుణుల కన్నా వాళ్లకే గుర్తుంటుంది.

ప్రతి ముక్క చివర ఒక ఆలోచన ప్రశ్న పెట్టాం. ఇందులో కష్టమంతా ప్రశ్న రాయడంలోనే ఉంది. ఒక ఉదాహరణ: నాలుగు సెల్‌లు. 10, 20, ఖాళీ, 0. యావరేజ్ ఫార్ములా ఏం ఇస్తుంది? సరైన జవాబు 10, ఎందుకంటే ఖాళీ సెల్‌ను ఆ ఫార్ములా లెక్కలోకి తీసుకోదు, సున్నాను తీసుకుంటుంది. 30ని 3తో భాగిస్తుంది. 7.5 అన్నవాళ్లు ఖాళీని సున్నాగా లెక్కేస్తున్నారు. 15 అన్నవాళ్లు సున్నాను ఖాళీగా చూస్తున్నారు. ప్రతి తప్పు జవాబు వెనకా ఫలానా పొరపాటు అవగాహన ఉంది కాబట్టి, జవాబుల పంపకం చూడగానే తర్వాత ఏం చెప్పాలో ట్రైనర్‌కు తెలుస్తుంది. తప్పు జవాబును చూసి ఇది ఎందుకు వచ్చిందో చెప్పలేకపోతే ఆ ప్రశ్న పక్కన పెట్టడమే మేలు.

అడిగే తీరు కూడా ముఖ్యం. ఇక్కడ చాట్‌ను మళ్లీ అందరికీ కనిపించేలా మారుస్తారు. ప్రశ్న స్క్రీన్ మీద పెట్టి, "జవాబు టైప్ చేయండి, ఎంటర్ మాత్రం నొక్కకండి" అంటారు. ముప్పై నలభై సెకన్లు ఆగుతారు. తర్వాత "మూడు, రెండు, ఒకటి, నొక్కండి". జవాబులన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ముందే నొక్కనిస్తే మొదట వచ్చిన జవాబునే మిగతావాళ్లు కాపీ చేస్తారు, లేదా ఎవరో చెప్పేశారు కదా అని ఊరుకుంటారు. ట్రైనర్ పేర్లు చదవరు, "10 చాలా వచ్చాయి, 7.5 కూడా బాగానే ఉన్నాయి, 7.5 ఎలా వస్తుందో ఎవరైనా చెప్తారా?" అంటారు. తప్పు జవాబుకు దారి చెప్పమనడం వల్ల ఆ జవాబు ఇచ్చినవాళ్లకు పరువు పోదు. తర్వాత ఏం చేయాలన్న నిర్ణయానికి ఎరిక్ మాజుర్ 1991లో హార్వర్డ్‌లో మొదలుపెట్టిన పీర్ ఇన్‌స్ట్రక్షన్ (తోటివాళ్లతో చర్చించి నేర్చుకునే) పద్ధతి నుంచి హద్దులు తీసుకున్నాం: మూడో వంతు కన్నా తక్కువమంది సరిగ్గా చెబితే పాఠం మళ్లీ చెప్పాలి, 70 శాతం దాటితే ఒక వాక్యంలో వివరించి సాగిపోవాలి, మధ్యలో ఉంటే అభ్యాసకుల మధ్య చర్చకు అదే సరైన సమయం.

ఆ చర్చ కోసమే బ్రేకౌట్ రూమ్‌లను తిరిగి తెచ్చాం, రూపం మార్చి. గదికి ముగ్గురు. ఇద్దరైతే ఒకరి నెట్ పోతే రెండోవాళ్లు ఒంటరవుతారు, నలుగురైతే ఒకరు దాక్కుంటారు. సమయం ఎనిమిది నిమిషాలు. పని చర్చ కాదు, మరమ్మతు: అందరికీ తెరిచి ఉన్న ఒకే షేర్డ్ షీట్‌లో గదికొక ట్యాబ్, ట్యాబ్‌లో పాడైన చిన్న రిపోర్టు. మూడు తప్పులుంటాయి. జాబితాలో వెతికి విలువ తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములాలో నాలుగో విలువ వదిలేసి ఉంటుంది, కాబట్టి అది కచ్చితమైన పోలిక చేయకుండా దగ్గరి పోలిక చేసి, వరుసలో లేని జాబితా నుంచి తప్పు ధర లాగుతుంది. ఫార్ములాను కిందికి లాగినప్పుడు దాన్ని కదలకుండా పట్టి ఉంచే డాలర్ గుర్తుల్లేని పరిధి జారిపోతుంది. ఒక అంకె టెక్స్ట్‌గా ఉండిపోవడం వల్ల మొత్తంలో కలవదు. సూచనలు ట్యాబ్ పైవరుసలోనే రాసి ఉంటాయి కాబట్టి గదిలోకి వెళ్లాక కూడా కనిపిస్తాయి. పేరులో అక్షరక్రమంలో ముందున్నవాళ్లు టైప్ చేయాలి అన్న నియమం కూడా అక్కడే ఉంటుంది. ఎవరు మొదలుపెట్టాలన్న మొహమాటం దీంతో పోతుంది. ట్రైనర్ గదులు తిరగక్కర్లేదు. షీట్‌లో ట్యాబ్‌లు మారుస్తుంటే ఏ గది కదులుతోందో, ఏది ఆగిందో కనిపిస్తుంది, ఆగిన గదిలోకే వెళ్తారు. తిరిగి వచ్చాక గదికొకరు చొప్పున నివేదిక చెప్పించడం తీసేశాం. ఇరవై గదుల నివేదికలు వినడం కన్నా క్లాసును చంపే మార్గం ఇంకోటి లేదు. రెండు ఆసక్తికరమైన ట్యాబ్‌లు తెరిచి, ఆ గదివాళ్లకు చాట్‌లో ముందే చెప్పి, ఒకరిని మాట్లాడమంటారు. పేరు పెట్టి పిలవడమే ఇది కూడా. కాకపోతే చెప్పడానికి చేతిలో జవాబుంది, హెచ్చరికా ఉంది.

ఫోన్ తప్ప ఏమీ లేనివాళ్లకు ఈ మరమ్మతు పని కుదరలేదు. వాళ్లను కంప్యూటర్ ఉన్నవాళ్ల గదుల్లో వేసి తప్పు వెతికే పాత్ర ఇచ్చాం: తోటివాళ్లు స్క్రీన్ షేర్ చేస్తే చూసి చెప్పడం. కొంత నయమే గానీ సరిపోలేదు. కోర్సులో చేరేటప్పుడే కంప్యూటర్ ఉందో లేదో అడిగి, లేనివాళ్లకు ఫోన్‌లోనే పూర్తయ్యే వేరే అభ్యాసాలు ఇవ్వడం సరైన పని. ఈ బ్యాచ్‌లో అప్పటికే ఆలస్యమైంది.

క్లాసు మొదటి ఐదు నిమిషాల్లో "వాయిస్ వినిపిస్తోందా?" స్థానంలో వెనకటి క్లాసు మీద ఒక ప్రశ్న స్క్రీన్ మీద సిద్ధంగా ఉంటుంది, చేరగానే చాట్‌లో జవాబు కొట్టవచ్చు. జవాబులు వస్తున్నాయంటే వాయిస్, స్క్రీన్ రెండూ బాగానే ఉన్నట్టు. చదివింది మళ్లీ చదవడం కన్నా గుర్తుచేసుకుని చెప్పడం వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని రోడిగర్, కార్పికీ 2006లో చూపించారు, ఆ లాభం కూడా ఇందులోనే వస్తుంది. చివరి మూడు నిమిషాల్లో ఒకే ప్రశ్న: "ఈ రోజు ఎక్కడ ఆగిపోయారు?" ఆ జవాబుల్లోంచే తర్వాతి క్లాసు మొదటి ప్రశ్న పుడుతుంది, ట్రైనర్ ఆ సంగతి పైకి చెబుతారు.

ఏం మారింది, ఏం మారలేదు

హాజరు పెద్దగా మారలేదు. అది మొదటినుంచీ అబద్ధపు లెక్కే. వీడ్కోలు తర్వాత మిగిలే పేర్లు రెండు మూడుకు దిగాయి. ముక్క చివరి ప్రశ్నకు జవాబిచ్చేవాళ్లు గుప్పెడు మంది నుంచి ఉన్నవాళ్లలో ఎక్కువమంది అయ్యారు. హోమ్‌వర్క్ మానేసినవాళ్లలో కొందరు తిరిగి వచ్చారు, పూర్తిగా వెళ్లిపోయినవాళ్లు రాలేదు. మూడో వారం దాటాక ఒక మనిషిని వెనక్కి తేవడం చాలా కష్టం, దశల ఫైళ్లు మొదటి క్లాసు నుంచే ఉండాలి.

కెమెరాలు ఎక్కువగా ఆఫ్‌లోనే ఉన్నాయి. మైక్‌లో మాట్లాడేవాళ్లు కొద్దిమందే. ఆ రెండూ పెంచడం మా లక్ష్యంలో లేదు.

మూల్యం కూడా ఉంది. పాఠ్యాంశం సుమారు పావు వంతు లైవ్ క్లాసు నుంచి బయటికి పోయింది. ట్రైనర్ దీనికి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు, సిలబస్ పూర్తికాదన్నారు. రికార్డింగ్ తెరిచి, ఇంతకుముందు పూర్తిచేసిన సిలబస్‌లో చివరి అరగంట ఎంతమంది చేతుల్లో పడిందో చూపించాక మెత్తబడ్డారు. బయటికి పోయిన భాగంలో మెనూలు చూపించడం, ఫార్మాటింగ్ లాంటివి చిన్న రికార్డింగ్‌లయ్యాయి, ఒక్కోటి ఆరు నిమిషాల లోపు. ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎడ్ఎక్స్ వీడియోల మీద ఫిలిప్ గువో బృందం 2014లో చేసిన విశ్లేషణలో ఆరు నిమిషాల లోపు వీడియోలనే జనం ఎక్కువగా చివరిదాకా చూశారు. ఆ అంకె రికార్డు చేసిన వీడియోలకు చెందింది. లైవ్ క్లాసును ఆరు నిమిషాల ముక్కలుగా నరకమని అది చెప్పదు.

దశల ఫైళ్ల తయారీకి ట్రైనర్‌కు మొదటి బ్యాచ్‌లో ఒక్కో క్లాసుకు గంటన్నర అదనంగా పట్టింది. తర్వాతి బ్యాచ్‌లకు అవే ఫైళ్లు పనికొస్తాయి, మార్చాల్సింది ప్రశ్నలే.

ఇదే పద్ధతి వేరే చోట వాడాలంటే

మెట్లుమెట్లుగా సాగే విషయాలకు, అంటే కోడింగ్, లెక్కలు, అకౌంటింగ్, సాఫ్ట్‌వేర్ శిక్షణ లాంటివాటికి ఇది దాదాపు యథాతథంగా సరిపోతుంది. చర్చా ప్రధానమైన విషయాల్లో దారి తప్పడం ఇంత స్పష్టంగా ఉండదు, అక్కడ దశల ఫైలు చేసే పని ప్రతి పావుగంటకూ తెర మీద ఉంచే రెండు వాక్యాల సారాంశం చేస్తుంది. ఏ విషయమైనా ముందు మానేసినవాళ్లతో మాట్లాడాలి. కారణం నిజంగా విసుగే అయితే, లేదా క్లాసు సమయం కుదరకపోతే, పైన చెప్పినవేవీ పనిచేయవు.

వందల మంది వచ్చే వెబినార్‌కు కొన్ని మార్చుకోవాలి. చాట్‌లో ఒకేసారి ఎంటర్ నొక్కిస్తే మూడు వందల జవాబులు ఎవరూ చదవలేనంత వేగంగా పరుగెత్తుతాయి. అక్కడ మూడు ఎంపికల పోల్ నయం, పట్టే నిమిషంన్నరను ముందే లెక్కలో వేసుకుని గంటకు మూడుకు మించకుండా. సందేహాలను చాట్‌లో వదిలేయకుండా ప్రశ్నల పెట్టెలోకి మళ్లించి, ఇతరులు ఓటేసే వీలిస్తే ఎక్కువమందికి ఉన్న సందేహం పైకి తేలుతుంది. బ్రేకౌట్ రూమ్‌లు వద్దు. వాటి బదులు, రెండు నిమిషాలు కాగితం మీద చేసుకోమని టైమర్ పెట్టి, ఆపై పోల్ వేయాలి. కో-హోస్ట్‌లు ఇద్దరు ఉండాలి: ఒకరు ప్రశ్నల పెట్టెకు, ఇంకొకరు నెట్, లింకుల గొడవలకు. ఒక్కరికే రెండూ అప్పగిస్తే లింకు తెరుచుకోవడం లేదన్న ఫిర్యాదులే వాళ్ల సమయమంతా తినేస్తాయి, పాఠం మీద వచ్చిన ప్రశ్నలు అలాగే ఉండిపోతాయి.